వెండి కిటికీ

అమెరికాలో కామేశ్వరికి ఉన్న స్నేహితురాలు ఒక్కరే. ఆవిడతో కామేశ్వరి నోరు విప్పి మాట్లాడింది ఒకే ఒక్కసారి. అయినా అంతకు మించిన స్నేహం ఆ దేశంలో ఇంకెవరితోనూ కుదరలేదు.

ఐసెలిన్ అనే ఊళ్ళో వాళ్ళ ఇల్లూ, పక్కనున్న మిసెస్ కోవాచ్ ఇల్లూ కట్టినవాడెవడో గాని బొత్తిగా బద్ధకస్తుడు. ఒక ఇంటికి గీసిన ప్లానునే కుడిఎడమలు తిప్పి రెండో ఇంటికీ వాడేశాడు. దాంతో ఈ వంటిల్లూ ఆ వంటిల్లూ ఎదురెదురుగా వచ్చి పడ్డాయి. ఈ సింకు దగ్గర నిలబడి తలెత్తితే ఆ సింకు దగ్గర నిలబడ్డ మనిషి మొహం కనిపిస్తుంది. మధ్యలో మోకాలెత్తు కంచె మొక్కలూ, కాస్తంత గడ్డీ. రెండు కిటికీలూ తెరుచుకునేవి కావు, ఒంటి పలక అద్దాలు. చూసుకోవడానికి తప్ప పలకరించుకోవడానికి పనికిరావు.

వచ్చిన మొదటి చలికాలంలో ఒక పొద్దున కామేశ్వరి సొరకాయ చెక్కు తీస్తూ తలెత్తేసరికి, అవతల తెల్లజుట్టు ముసలావిడ తనవంకే చూస్తోంది. కామేశ్వరికి ఎక్కడలేని ఇబ్బందీ వచ్చిపడింది. పొయ్యి దగ్గర ఇంకో ఆడమనిషి కనిపిస్తే మనవాళ్ళు అడిగే మాట ఒక్కటే కదా: ఇవాళ ఏం కూర? ఆ మాట ఇంగ్లీషులో ఎలా అడగాలో ఆమెకి తెలియదు. తెలిసినా అద్దంలోంచి వినపడదు. ఏం చెయ్యాలో తోచక చేతిలో ఉన్న సొరకాయని పైకెత్తి చూపించింది. ముసలావిడ దాన్ని తీరిగ్గా పరిశీలించింది. తర్వాత వంగి, ఎక్కడినుంచో ఒక క్యాబేజీ తీసి, తనూ పైకెత్తి చూపించింది.

ఆ రోజునుంచి అదొక ఆచారమైపోయింది. మొగుడు ఆదిశేషు ఆఫీసుకి రైలెక్కాక, పొద్దుటి గిన్నెలు తోమడం అయ్యాక, ఇద్దరూ కిటికీల దగ్గరికి వచ్చేవారు. కామేశ్వరి కాకరకాయ చూపిస్తే ముసలావిడ భయపడ్డట్టు వెనక్కి జరిగేది. ఆవిడ బీట్‌రూట్ చూపిస్తే కామేశ్వరి తన దగ్గరా ఉందని పరిగెత్తి తెచ్చేది. ఒకరోజు ఆవిడ చేపని తోక పట్టుకుని ఎత్తింది. కామేశ్వరి రెండు చేతులతో కళ్ళు మూసుకుంది. ఆవిడ భుజాలు కదిలేలా నవ్వి, చేపని వీపు వెనక దాచేసింది. మళ్ళీ ఎప్పుడూ చేప చూపించలేదు.

ఆవిడ చిన్నప్పుడే హంగరీ నుంచి వచ్చిందనీ, మొగుడు పోయి చాలా ఏళ్ళైందనీ, పిల్లలు లేరనీ ఆదిశేషు ఎక్కడో విని వచ్చి చెప్పాడు. "చీకటిపడ్డా వంటింట్లో లైటు వేసుకోదు చూశావా? వట్టి పిసినారి" అని కూడా అన్నాడు. పక్కింటివాళ్ళ గురించి అతనికి అంతకన్నా ఆసక్తి లేదు. ఆదిశేషు నూవార్క్‌లో ఒక కెమికల్ కంపెనీలో ఇంజనీరు. ఆవిరి ఎటు పోతోందో, వేడి ఎటు పోతోందో చెప్పమంటే గంటలు గంటలు చెబుతాడు. మనుషుల సంగతి వచ్చేసరికి మాటలు వెతుక్కుంటాడు. చెడ్డవాడు కాదు పాపం.

రెండో చలికాలానికి కామేశ్వరి కడుపుతో ఉంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పకముందే ముసలావిడ కనిపెట్టేసింది. అన్నం ఉడికే వాసనకి కామేశ్వరి ముక్కు మూసుకోవడం అద్దంలోంచి చూసి, పొట్టమీద చెయ్యి గుండ్రంగా తిప్పి, కనుబొమలు ఎగరేసింది. ఔనని కామేశ్వరి తలాడిస్తే, ఆవిడ చేతిలో ఉన్న గరిటె పక్కన పడేసి చప్పట్లు కొట్టింది. కొన్నాళ్ళకి పసుపుపచ్చ ఊలుతో అల్లిన చిన్న టోపీ ఒకటి కిటికీలో పైకెత్తి చూపించింది. అరచేతిలో పట్టేంత టోపీ.

ఏడో నెలలో, మార్చిలో, బిడ్డ కదలడం మానేసింది. ఆస్పత్రికి వెళ్ళారు. ఆడపిల్ల. నర్సు వచ్చి, చూస్తారా, పేరేమైనా పెడతారా అని అడిగితే ఆదిశేషు అక్కర్లేదన్నాడు. చూడకపోతేనే తొందరగా మర్చిపోతుందని అతనికి అందరూ చెప్పారు. అతను కామేశ్వరి మేలుకోరే ఆ మాట అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు కామేశ్వరి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోతోందని వాళ్ళు అనుకున్నారు.

ఇంటికొచ్చాక మనవాళ్ళు నలుగురూ వచ్చారు. పప్పూ, చారూ, పెరుగన్నం తెచ్చారు. ఆ ఏటి మంచు గురించీ, ఎవరో తమ్ముడి వీసా గురించీ, ఓక్ ట్రీ రోడ్డులో కొత్తగా తెరిచిన ఇండియన్ కొట్టు గురించీ మాట్లాడారు. జరిగినదాన్ని గురించి ఒక్కరు ఒక్క ముక్క ఎత్తలేదు. అదీ ఆమె మేలుకోరే. అందరూ కలిసి ఆమె మేలుకోరీ కోరీ, అసలు ఆమెకి బిడ్డే పుట్టనట్టు చేశారు. సోమవారం ఆదిశేషు ఎప్పటిలాగే టై కట్టుకుని రైలెక్కేశాడు.

ఆ సోమవారమే మిసెస్ కోవాచ్ గడ్డి దాటి వచ్చి తలుపు తట్టింది. కిటికీలో నడుముదాకానే కనిపించే మనిషి నిలువునా ఎదురుగా నిలబడితే కామేశ్వరికి కొత్తగా అనిపించింది. అనుకున్నదానికన్నా పొట్టి. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మంలోనే నిలబడి, కామేశ్వరికి అర్థమయ్యేలా నెమ్మదిగా అడిగింది, మగబిడ్డా ఆడబిడ్డా అని. "గర్ల్" అంది కామేశ్వరి. పేరేమిటని అడిగింది.

పుట్టకముందే పేరు పైకి అనకూడదని మనవాళ్ళలో ఒక పట్టింపు. కామేశ్వరి నెలల తరబడి ఆ పేరుని నాలుక చివర దాచుకుంది. బారసాలనాడు చెబుదామని మొగుడికి కూడా చెప్పలేదు. ఆ బారసాల ఇంక లేదు. ఇన్నాళ్ళూ ఆమెని ఆ పేరు అడిగినవాళ్ళూ లేరు.

"రేణు" అంది.

"రేణు" అంది ముసలావిడ కూడా, రకారాన్ని గట్టిగా పలుకుతూ. ఆ పేరు ఇంకో మనిషి నోట వినడం కామేశ్వరికి అదే మొదలు. ఆస్పత్రిలో రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆవిడ కామేశ్వరి తలమీద చెయ్యి వేసి, ఏడుపు అయ్యేదాకా ఉండి, వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున కిటికీలో ఆవిడ కూరగాయ ఎత్తలేదు. ముందు గుండెమీద చెయ్యి వేసుకుని పెదవులు కదిలించింది. అద్దాలు రెండు అడ్డమున్నా ఆ మాట ఏమిటో కామేశ్వరికి తెలిసింది. ఆ తర్వాతే క్యాబేజీ ఎత్తింది. అక్కణ్ణుంచి రోజూ అంతే. ముందు రేణు, తర్వాత కూర. రోజు మొత్తంలో ఆ ఒక్క క్షణం కోసమే కామేశ్వరి మంచం దిగేది. ఈ భూమ్మీద తన కూతురికి పేరున్న చోటు ఆ కిటికీ ఒక్కటే.

జూన్‌లో డాక్టర్ కృష్ణమోహన్ గారూ, ఆయన భార్య శాంతీ భోజనానికి వచ్చారు. శాంతి మంచి మనిషే. మంచి మనుషులకి ఉండే చొరవ ఆవిడకి కాస్త ఎక్కువ. సింకులో చేతులు కడుక్కుంటూ కిటికీలోంచి చూసి, "ఆవిడెవరమ్మా అట్లా చూస్తోంది?" అంది. కామేశ్వరి చెప్పింది. కూరగాయల సంగతి నవ్వుతూ చెప్పింది, పేరు సంగతి చెప్పలేదు.

శాంతి నవ్వలేదు. బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని, ఆదిశేషు వింటుండగానే అంది: "నేనివన్నీ నమ్ముతానని కాదనుకో. మా ఆయన డాక్టరు, నాకూ సైన్సు తెలుసు. అయినా పిల్లాజెల్లా లేని మనిషి, మొగుడు పోయిన మనిషి, ఆ ఏడు నెలలూ పొద్దున్నే నీ పొట్టవంకే చూస్తూ నిలబడిందంటే నాకు ఒళ్ళు జలదరించింది కామేశ్వరీ. మళ్ళీ కడుపు నిలవాలంటే కొంచెం మరుగున ఉండండి. కర్టెన్ అయినా వేసుకోండి."

"నాన్సెన్స్ అండీ" అన్నాడు ఆదిశేషు. గట్టిగా నవ్వాడు కూడా.

ఇంజనీర్లకి ఒక సౌకర్యం ఉంది. ఏ భయాన్నయినా డిగ్రీల్లోకి మార్చుకోగలరు. తర్వాతి శనివారం ఆదిశేషు హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి, పొడుగాటి అట్టపెట్టె చంకలో పెట్టుకుని వచ్చాడు. అందులో వెండిరంగు ప్లాస్టిక్ ఫిలిం చాప చుట్టినట్టు చుట్టి ఉంది.

"వెస్ట్ ఫేసింగ్ కదా, మధ్యాహ్నం వంటిల్లు కాలిపోతోంది" అన్నాడు. "ఈ ఫిలిం అద్దానికి అంటిస్తే హీట్ సగానికి సగం రిఫ్లెక్ట్ అయిపోతుంది. ఏసీ మీద లోడ్ తగ్గుతుంది. పైగా ప్రైవసీ. మనకి బయట కనిపిస్తుంది, బయటివాళ్ళకి మనం కనిపించం. వన్ వే మిర్రర్ అన్నమాట."

"ముందు గది కిటికీ కూడా పడమరేగా" అంది కామేశ్వరి.

"దానికి తర్వాత చూద్దాం" అన్నాడు, ఆమె మొహంలోకి చూడకుండా.

అప్పుడు ఆమె వద్దనొచ్చు. అనలేదు. శాంతి మాట ముల్లులా ఆమెలోనూ దిగింది మరి. తను చేసిన తప్పేమిటని రాత్రీ పగలూ వెతుక్కుంటున్న మనిషికి ఎవరు ఏ తప్పు చూపించినా నిజమేననిపిస్తుంది. ఆ టోపీ గుర్తొచ్చింది. పుట్టకముందే టోపీ చూపించకూడదేమోనని ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆమెకీ అనిపించింది. ఆ క్షణంలోనే ఆదిశేషు సబ్బునీళ్ళ సీసా ఆమె చేతిలో పెట్టాడు.

ఒక్కరివల్ల అయ్యే పని కాదది. ఆదిశేషు బనీనూ లుంగీతో సింకు గట్టుమీదికెక్కాడు. బ్లేడుతో అద్దంమీద మరకలన్నీ గీకేశాడు. కామేశ్వరి కింద నిలబడి సబ్బునీళ్ళు చిమ్మింది. ఫిలిం వెనక ఒక పల్చటి పొర ఉంటుంది, దాన్ని ఒలిస్తేగాని జిగురు బయటపడదు. మూలలకి రెండు టేపు ముక్కలంటించి చెరోటీ లాగారు. మొదటి ముక్క గాలికి మడతపడి తనకి తనే అతుక్కుపోయింది. ఆదిశేషు దాన్ని విడదీయాలని చూసి, విసుక్కుని, ఉండచుట్టి పారేశాడు. రెండో ముక్క నిలిచింది. అద్దంమీద జారుతున్న దాన్ని సరిగ్గా జరిపి, రబ్బరు పలకతో మధ్యనుంచి అంచులకి నీళ్ళు నెట్టాడు. బుడగలు మిగిలినచోట సూదితో పొడిచి వేలితో నొక్కాడు. మొగుడూ పెళ్ళాం కలిసి ఒక పని చెయ్యడం మార్చి తర్వాత అదే మొదటిసారి. అతను ఈలకూడా వేశాడు.

సగం పనిలో ఉండగా మిసెస్ కోవాచ్ తన కిటికీలోకి వచ్చింది. చేతిలో టొమాటో ఉంది, పెరట్లో కాసిన మొదటి కాయ కాబోలు. గుండెమీద చెయ్యి వేసుకోబోయి, ఆదిశేషుని చూసి ఆగింది. వీళ్ళు చేస్తున్నదేమిటో తెలియక అలాగే నిలబడి చూసింది. చివరి అంచు అంటుకున్నాక కామేశ్వరికి ఆవిడ మొహం కనిపిస్తూనే ఉంది, కాస్త మబ్బుపట్టినట్టు. ఆవిడ మాత్రం మెడ సాచింది. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అద్దానికి మరీ దగ్గరగా వచ్చి, వెతికింది.

ఆదిశేషు బయటికి పరిగెత్తి, గడ్డిలో నిలబడి, చెయ్యి ఊపమని సైగ చేశాడు. కామేశ్వరి ఊపింది. ఏమీ కనబడ్డం లేదని రెండు చేతులూ చాపి, మొహమంతా నవ్వు చేసుకున్నాడు. అతని భుజం మీదుగా ముసలావిడ ఇంకా వెతుకుతూనే ఉంది. పగటి పరీక్షలో ఫిలిం నూటికి నూరు మార్కులతో పాసైంది.

తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే ఎక్కువ మాటలు అక్కర్లేదు. పొద్దున్నే ఆవిడ వచ్చి, గుండెమీద చెయ్యి వేసుకుని, పెదవులు కదిలించేది. కామేశ్వరి ఇటునుంచి చెయ్యి ఊపేది, సొరకాయ ఎత్తేది, ఒకసారి అద్దంమీద పిడికిలితో కొట్టింది కూడా. ఆవిడకి కనిపించేది ఆకాశమూ తన సొంత ఇల్లూను. కాసేపు ఆగి, జవాబు లేక, కూరగాయ దించేసేది. కొన్నాళ్ళకి గుండెమీద చెయ్యి మానేసింది. ఆ తర్వాత పొద్దుటిపూట కిటికీలోకి రావడమే మానేసింది.

వెళ్ళి తలుపు తట్టొచ్చు కదా అని ఎవరైనా అనొచ్చు. వెళ్ళి ఏమని చెబుతుంది? మీ కళ్ళు మంచివి కావని అద్దానికి ముసుగు వేశామని చెబుతుందా? సబ్బునీళ్ళు నేనే చిమ్మానని చెబుతుందా? అందులోనూ ఇంగ్లీషులో! ఆగస్టులో ఒక ఆదివారం, ఆదిశేషుతో కలిసి కారెక్కుతుంటే ముసలావిడ పెరట్లో కనిపించింది. ఇద్దరి చూపులూ కలిశాయి. మొగుడు పక్కనే ఉన్నాడని కామేశ్వరి చెయ్యి ఎత్తలేకపోయింది. ఆవిడ ఒకసారి తలపంకించి లోపలికి వెళ్ళిపోయింది. కోపం వచ్చిందనుకుంది కామేశ్వరి. రాదా మరి?

ఆమె రోజు తిరగబడిపోయింది. సాయంత్రం వంట చేసి పెట్టి, చీకటిపడే వేళకి మేడమీద గదిలో లైటు లేకుండా పడుకునేది. ఆదిశేషు వచ్చి తలుపు తీసిన చప్పుడయ్యేది. నేరుగా సింకు దగ్గరికెళ్ళి లంచ్ బాక్స్ కడిగేవాడు. కుళాయి చాలాసేపు పారేది. కరెంటు గురించి అన్ని ఉపన్యాసాలిచ్చే మనిషికి నీళ్ళ గురించి లెక్కలేదే అని ఆమె విసుక్కునేది. నీళ్ళు ఆగాక కిందికి దిగి వడ్డించేది. భోజనాలయ్యాక తనే గిన్నెలు తోమేది. ఆ వేళకి కిటికీ అచ్చం నిలువుటద్దంలా ఉండేది. అందులో తన మొహం తప్ప ఇంకేమీ కనిపించదు. కళ్ళు వాచాయేమో చూసుకునేది. చెమటకి జారిన బొట్టుని వేలితో సరిచేసుకుని, వెనక్కి తిరిగేది. రోజూ అంతే.

అక్టోబరు మొదట్లోనే ఎదుటి వంటిల్లు పగటిపూట కూడా ఖాళీగా ఉండటం మొదలైంది. ఇంటిముందు ఆకులు ఊడ్చేవాళ్ళు లేరు. ఒకరోజు చాలా కార్లు వచ్చి ఆగితే, చుట్టాలేమో అనుకుంది కామేశ్వరి. ఆ నెలాఖర్లో ఒక మధ్యాహ్నం, ఎవరో మధ్యవయసు స్త్రీ ఆ ఇంట్లోంచి అట్టపెట్టెలు మోసుకొచ్చి కారులో పెట్టడం కనిపించింది. కామేశ్వరి సాయంత్రందాకా ఆ కారువంకే చూసింది. ఇంక ఉండలేకపోయింది. చెప్పులు వేసుకుని, బల్లమీదున్న సొరకాయ తీసుకుంది. వాళ్ళిద్దరి మధ్యా మొదటి మాట అదే కాబట్టి, మళ్ళీ అక్కణ్ణుంచే మొదలుపెడదామనుకుంది.

తలుపు తీసినావిడ ముసలావిడ మేనకోడలు, పేరు బార్బరా. కామేశ్వరి చీరనీ, బొట్టునీ, చేతిలో కాయనీ చూసి, ఇంగ్లీషులో అడిగింది: "మీరు రేణు వాళ్ళ అమ్మా?"

ఆ మాటకి కామేశ్వరి గుమ్మం పట్టుకుంది. మన ఊళ్ళల్లో పిల్లలు పుట్టిన ప్రతి ఆడదాన్నీ పిలిచే పిలుపే అది. తనని అలా పిలిచిన మొదటి మనిషి ఎవరో ముక్కూమొహం తెలియని దొరసాని. "ఔను" అంది తెలుగులోనే. తర్వాత తలాడించింది.

"లోపలికి రండి. అత్త పోయింది" అంది బార్బరా. "స్ట్రోక్ వచ్చింది. ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉంది. పూడ్చిపెట్టి రెండు వారాలు కావొస్తోంది. మీకు చెప్పాలని నాకు తట్టలేదు, ఏమీ అనుకోకండి."

ఆవిడ వంటింట్లోకి తీసుకెళ్ళింది. చీకటిగా ఉంది. పైన బల్బు ఎప్పుడో పోయిందనీ, స్టూలెక్కలేక అత్త మార్చుకోలేదనీ, ఎవరినీ అడగలేదనీ చెప్పింది. పిసినారి కాదన్నమాట. బార్బరా సింకు దగ్గర నిలబడి, కాస్త తటపటాయించి, నెమ్మదిగా అంది: "మీ గురించి అత్త నాతో ఫోన్లో చెబుతూ ఉండేది. పొద్దున పూట మీరు కనిపించడం మానేశారట. అందుకని సాయంత్రాలు ఇక్కడ నిలబడేదట. మీ ఇంట్లో లైటు వెలిగితే మీరు చక్కగా కనిపించేవారట. తను రోజూ చెయ్యి ఊపేదట. మీరు నేరుగా తన కళ్ళలోకి చూసి, నుదుటిమీద వేలు పెట్టుకుని, వెనక్కి తిరిగిపోయేవారట. ఆ సైగకి అర్థమేమిటా అని తెగ ఆలోచించింది. ఇంక చాలు అని మీ భాషలో చెబుతున్నారేమో అనుకుంది. నేనేం తప్పు చేశాను బార్బరా, అని అడిగేది."

"నో" అంది కామేశ్వరి. "నో, నో. ఐ నాట్ సీ. గ్లాస్... నైట్, గ్లాస్... ఐ సీ ఓన్లీ మీ."

బార్బరా పాపం అర్థమైనట్టే తలూపింది. అర్థం కాలేదు. భుజంమీద చెయ్యి వేసి, "ఫరవాలేదు, ఇప్పుడవన్నీ ఎందుకు" అంది. ఇంతలో ముందుగదిలో ఫోను మోగితే అటు వెళ్ళింది.

ఫరవాలేకపోవడమేమిటి! చెప్పాల్సిన మనిషి మట్టిలో ఉంది. తనవల్ల ఏదో తప్పు జరిగిందనుకుంటూనే వెళ్ళిపోయింది. రేణు అన్న పేరు తెలిసిన ఒక్క ప్రాణం, రేణు వాళ్ళమ్మ తనని వద్దనుకుందన్న బాధతో పోయింది. కామేశ్వరి చీకట్లో, ఆ ముసలావిడ నిలబడే చోటనే, సొరకాయ పట్టుకుని నిలబడిపోయింది.

అప్పుడే ఎదుటి కిటికీలో లైటు వెలిగింది.

వెండిరంగు మాయమైపోయింది. తన వంటిల్లు మొత్తం సినిమా తెరలాగా కళ్ళముందుకొచ్చింది. పొయ్యిమీద గిన్నె, గోడమీద క్యాలెండరు, తను ఆరేసిన తుడుపుగుడ్డ, అన్నీ. వెలుగులో ఉన్నవాళ్ళే కనిపిస్తారు, చీకట్లో ఉన్నవాళ్ళు కాదు. ఆ ఫిలింకి తెలిసింది ఇంతే. పగలు తనకి ఆవిడ కనిపించింది, రాత్రి ఆవిడకి తను కనిపించింది. ఒకరికొకరు కనిపించే వేళ ఒక్కటీ లేకుండా, దాన్ని తన చేతులతోనే అంటించింది.

ఆదిశేషు టై వదులు చేసుకుంటూ సింకు దగ్గరికి వచ్చాడు. లంచ్ బాక్స్ గట్టుమీద పెట్టాడు. కుళాయి పూర్తిగా తిప్పాడు. ఒకసారి తలెత్తి పైకప్పువంక, మేడమీద ఆమె పడుకునే గదివంక చూశాడు. తర్వాత సింకు అంచుని రెండు చేతులతో పట్టుకుని, తలవంచి, ఏడవడం మొదలుపెట్టాడు.

లంచ్ బాక్స్ వైపు చూడనైనా లేదు. నోరు తెరుచుకుని, వీపు ఎగిరెగిరిపడేలా, చిన్నపిల్లాడు దెబ్బ తగిలి ఏడ్చినట్టు ఏడుస్తున్నాడు. చప్పుడు రాకుండా నీళ్ళు పారుతున్నాయి. ఇన్ని నెలలుగా మేడమీద ఆమె విసుక్కుంటూ విన్న చప్పుడు అదే. బిడ్డని చూడనక్కర్లేదన్న మనిషి, పేరక్కర్లేదన్న మనిషి, సోమవారం రైలెక్కేసిన మనిషి.

అతను తలెత్తాడు. సూటిగా కామేశ్వరి కళ్ళలోకి చూశాడు. ఆమెకి తెలియకుండానే చెయ్యి పైకి లేచింది, సొరకాయతో సహా. అతను ఆ చేతివంకే చూస్తున్నట్టుంది. చూస్తూ, తుడుపుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. జుట్టు వెనక్కి దువ్వుకున్నాడు. పెదవులు బిగించి ఒక మొహం పెట్టి చూసుకున్నాడు, నచ్చలేదు కాబోలు, ఇంకోటి పెట్టాడు. రోజూ ఆమె కిందికి దిగేసరికి ఎదురయ్యే మొహం అది. కుళాయి కట్టేసి, వెనక్కి తిరిగాడు.

కామేశ్వరి చెయ్యి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

గడ్డి దాటి ఇంటికి వచ్చేసరికి మెట్ల కింద నిలబడి మేడమీదికి పిలుస్తున్నాడు. వీధి తలుపులోంచి ఆమె వస్తే ఉలిక్కిపడ్డాడు.

"చీకట్లో ఎక్కడికెళ్ళావు?"

"పక్కింటికండీ. ఆవిడ పోయారట."

"అయ్యో" అన్నాడు. టై విప్పుతూ, "పెద్దావిడే కదా" అన్నాడు. ఆ తర్వాత ఆమె చేతిలోని కాయ చూసి, "సొరకాయా? ఇవాళ అదేనా కూర?" అన్నాడు.

దారిపొడుగునా ఆమె మాటలు పేర్చుకునే వచ్చింది. మీరు ఏడవడం చూశానండీ అందామనుకుంది. దాని పేరు రేణు అని చెబుదామనుకుంది. కానీ అతను తన ఎదురుగా ఆ మొహం పెట్టుకుని నిలబడ్డాడు, ఇందాక అద్దంలో చూసి చూసి ఎంచుకున్న మొహం. చూశానని చెబితే అది ఆమె కళ్ళముందే ఊడిపోతుంది. మర్నాటినుంచి ఆ కిటికీకి కర్టెన్ వస్తుంది, లైటు ఆరిపోతుంది, కుళాయి ఆగిపోతుంది. ఈ ఇంట్లో అతనికి ఏడవడానికి ఇంక చోటుండదు. తనకి చోటు లేకుండా పోయిన సంగతి ఆమెకి తెలుసు కదా, అదెలా ఉంటుందో కూడా తెలుసు.

"అక్కణ్ణుంచి మన వంటిల్లు కనిపిస్తుందా?" అని అడిగాడు ఆదిశేషు, ఏదో మాటకి అన్నట్టు.

"ఏం కనబడదండీ" అంది కామేశ్వరి. "అంతా అద్దమే."

"చెప్పాను కదా" అన్నాడు. ఊపిరి వదిలి, పేపరు తీసుకుని ముందుగదిలోకి వెళ్ళాడు.

ఆమె సొరకాయ చెక్కు తీసి కూర వండింది. ఇద్దరూ తిన్నారు. గిన్నెలు తోముతున్నప్పుడు ఒక్కసారి కూడా తలెత్తి అద్దంవంక చూడలేదు.

మర్నాడు సాయంత్రం పొద్దుగూకే వేళకి, స్టేషన్ నుంచి అతని కారు వచ్చిన చప్పుడు వినగానే మేడమీదికెళ్ళి, లైటు ఆర్పి, గోడవైపు తిరిగి పడుకుంది. తలుపు తీసిన చప్పుడైంది. లంచ్ బాక్స్ గట్టుమీద పెట్టిన చప్పుడైంది. తర్వాత కుళాయి తిప్పిన చప్పుడైంది. నీళ్ళు చాలాసేపు పారాయి. అవి ఆగేదాకా ఆమె కిందికి దిగలేదు.